‘వంశధార’లో సున్నను ఎలా పలకాలి? సంస్కృత శ్లోకాల్లో అనుస్వారం, అనునాసికం

పర్లాకిమిడి_శ్లోకబడి:

అందరికీ నమస్కారమండీ. పర్లాకిమిడిలో సాయంత్రం పూట పిల్లలకి శ్లోకాలు, శబ్దాలు చెప్తున్నాం. అందరికీ ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. చిక్కంతా సున్న దగ్గరే వస్తోంది. ‘సింహః’ అని పలక మీద రాసి చదవమంటే కొందరు ‘సిమ్‌హ’ అంటారు, కొందరు ‘సింఘ’ అంటారు. ‘సంస్కృతమ్’ ఒకరి నోట ‘సమ్‌స్కృతం’, పక్కవాడి నోట ‘సఙ్‌స్కృతం’. మన వైపు పారే వంశధార పేరే చూడండి. తెలుగువాళ్లు ‘వమ్‌శధార’ అంటారు, ఒడియావాళ్లు ‘బఙ్‌శధారా’ అంటారు. పెద్దల్ని అడిగితే ఎవరి అలవాటు వాళ్లకి సరైనదే.

పాణినీయం ప్రకారం ఏది సరి? ‘అహం గచ్ఛామి’ లాంటి చోట పెదవులు మూయాలా, వద్దా? ‘బ్రహ్మ’, ‘యజ్ఞ’ కూడా ఇలాగే తలో రకంగా వస్తున్నాయి. సూత్రంతో పాటు పిల్లల చేత సరిగ్గా పలికించే ఉపాయం కూడా చెప్పగలరు.

బరంపురం_కౌముది:

రెండూ సరి కాదండీ. పాణిని సూత్రాలని వివరించే సిద్ధాంతకౌముదిలో వర్ణాల స్థానాలు చెప్పేచోట ‘ఞమఙణనానాం నాసికా చ’ అని ఉంటుంది. అక్కడ ‘చ’ అన్న మాట మీద వేలు పెట్టి చూడండి. ఙకారానికి కంఠం, ఞకారానికి తాలువు, ణకారానికి మూర్ధం, నకారానికి దంతాలు, మకారానికి పెదవులు ఎలాగూ ఉన్నాయి, వాటికి తోడు ముక్కు కూడా అని దాని అర్థం. అనుస్వారం దగ్గరికొచ్చేసరికి ‘నాసికానుస్వారస్య’ అని ఆపేశారు. ‘చ’ లేదు. అంటే అనుస్వారానికి నోట్లో ఒకదానికొకటి తగిలే చోటే లేదు, ఉన్నదల్లా ముక్కే. ‘సిమ్‌హ’లో పెదవులు తగిలాయి కాబట్టి అక్కడ పలికింది మకారం. ‘సింఘ’లో నాలుక మొదలు వెనక అంగిలికి తగిలింది, అది ఙకారం. అలా మూసుకున్న నాలుకని విడిచి హకారంలోకి పోబోతే ఘకారం పుట్టుకొస్తుంది.

అయితే తెలుగు లిపిలో ఉన్న ప్రతి సున్నా అనుస్వారం కాదు. ఒకే గుర్తు మూడు పనులు చేస్తోంది. సున్న చూపించి ‘ఇదెలా పలకాలి’ అని అడిగితే పిల్లలకి జవాబు దొరకదు. ‘దీని తర్వాత ఏ అక్షరం ఉంది’ అని అడగండి.

పదం మధ్యలో ఉండి, తర్వాత వర్గాక్షరం ఉందనుకోండి. ‘నశ్చాపదాన్తస్య ఝలి’ (పాణిని అష్టాధ్యాయిలో 8-3-24) వల్ల న, మ లు అనుస్వారం అవుతాయి. ఆ వెంటనే ‘అనుస్వారస్య యయి పరసవర్ణః’ (8-4-58) వచ్చి దాన్ని తర్వాతి అక్షరపు వర్గంలోని అయిదో అక్షరంగా మార్చేస్తుంది. అంకితః, అంచితః, కుంఠితః, శాంతః, గుంఫితః అని అయిదు వర్గాలకి అయిదు ఉదాహరణలు కౌముదిలోనే ఉన్నాయి, పిల్లలకి అవే నేర్పండి. ‘శాంతః’ అని సున్నతో రాసినా పలికేది అచ్చమైన నకారమే, వికల్పం లేదు. ఇక్కడ తెలుగు నోరు తనంతట తానే సరిగ్గా పలుకుతుంది, కష్టపడక్కర్లేదు.

తర్వాత శ, ష, స, హ ఉంటే సంగతి వేరు. ఆ సూత్రంలోని ‘యయ్’ ఒక ప్రత్యాహారం, అంటే కొన్ని అక్షరాల గుంపుకి పొట్టి పేరు. అందులో ఈ నాలుగూ లేవు. కనుక 8-4-58 వర్తించదు, అనుస్వారం అనుస్వారంగానే మిగులుతుంది. యశాంసి, హంసః, సింహః, వంశః అన్నీ ఇలాంటివే. రేఫ (ర) ‘యయ్’లో ఉంది కానీ దానికి సవర్ణమైన అనునాసికం, అంటే ముక్కుతో కూడిన జత అక్షరం, లేదు. అందుకని ‘సంరక్షణమ్’లోనూ అనుస్వారమే. మీరడిగిన వంశధారలో ఉన్నది ఈ శుద్ధమైన అనుస్వారం. పెదవులూ కలవకూడదు, నాలుక మొదలూ లేవకూడదు.

పదం చివరి మకారానికి ‘మోఽనుస్వారః’ (8-3-23): తర్వాత హల్లు ఉంటే అనుస్వారం, హరిం వందే. దాని మీద ‘వా పదాన్తస్య’ (8-4-59) పరసవర్ణాన్ని వికల్పంగా ఇస్తుంది. ‘త్వం కరోషి’ అని ముక్కుతో పలకవచ్చు, ‘త్వఙ్కరోషి’ అని ఙకారంతోనూ పలకవచ్చు. ‘అహం గచ్ఛామి’ కూడా అంతే. ఒకే ఊపిరిలో చదువుతూ పెదవులు మూసి ‘అహమ్ గచ్ఛామి’ అనడానికి మాత్రం ఏ సూత్రమూ లేదు. తెలుగువాళ్లం ఎక్కువగా చేసే తప్పు ఇదే. ఆగితే వేరు. పాదం చివర ‘వనం’ అని రాసి ఉన్నా అక్కడ సంహిత (మాటల కలయిక) తెగింది కాబట్టి అది వనమ్, పెదవులు గట్టిగా మూయించండి. తర్వాత అచ్చు వస్తే మకారం మకారంగానే నిలిచి ఆ అచ్చుతో కలిసిపోతుంది: అహమస్మి.

య, వ, ల ముందు కూడా మనం పెదవులు మూసేస్తాం: సమ్‌యోగం, సమ్‌వత్సరం. శాస్త్రంలో అయితే శుద్ధానుస్వారం, లేదంటే ఆ యవలలే ముక్కుతో కలిసి రెండుసార్లు పలకడం: సఁయ్యన్తా, సఁవ్వత్సరః, యఁల్లోకమ్. య, వ, ల లకి ముక్కుతో కూడిన రూపం, కూడని రూపం రెండూ ఉన్నాయి.

ఒక్క చోట మాత్రం పెదవులు మూయాల్సిందే. ‘మో రాజి సమః క్వౌ’ (8-3-25) వల్ల సమ్రాట్ అన్న మాటలో మకారం అనుస్వారం కాదు. సామ్రాజ్యమూ అంతే. సంరక్షణలో తెరిచి ఉంచాలి, సమ్రాట్టులో మూయాలి. ఈ రెండూ పక్కపక్కన రాసి పలికిస్తే తేడా పిల్లలకి బాగా పడుతుంది.

సిరోంచ_ప్రాణహిత:

ఇటు సిరోంచలో మరాఠీ బడికి పోయే మన పిల్లలది మూడో దారి. వాళ్లు ‘సింవ్హ’, ‘సంవ్‌స్కార్’ అంటారు, అనుస్వారం స్థానంలో ముక్కుతో కలిసిన వకారం వస్తుంది. మూడింట్లో ఇదే అసలుకు దగ్గర, ఎందుకంటే పెదవులు దగ్గరపడతాయి గానీ మూసుకోవు. ఆ గుండ్రం చేయడం మాన్పిస్తే చాలు.

ఏ పిల్లవాడు ఏ తప్పు చేస్తున్నాడో తెలుసుకోవడానికి చెవి ఒక్కటీ సరిపోదు, ముక్కు పట్టి చూడాలి. ముందు ‘మ్‌మ్‌మ్’ అని సాగదీయించి మధ్యలో రెండు వేళ్లతో ముక్కు మూయించండి. చప్పుడు టక్కున ఆగిపోతుంది. ‘ఙ్‌ఙ్’ అని సాగదీయించినా అంతే. నోట్లో దారి మూసి ఉంది, ముక్కు దారీ మూశాం, గాలికి పోయే చోటు లేదు. ఇప్పుడు ‘ఆఁ’ అనిపించి ముక్కు మూయించండి. గొంతు బొంగురుపోతుంది కానీ ఆగదు, నోరు తెరిచే ఉంది కదా.

ఇదే పరీక్ష ‘సిం…’ దగ్గర పెట్టండి. సున్న మీద సాగదీస్తుండగా ముక్కు మూస్తే చప్పుడు ఆగిందా, నోట్లో ఎక్కడో తగిలినట్టే. పెదవులు చూడండి. మూసి ఉంటే మకారం, తెరిచి ఉన్నా ఆగిపోతే నాలుక మొదలు అంటుకుంది, అది ఙకారం. బొంగురుగా సాగితే సరైన దారిలో ఉన్నాడు.

మకారం పలికేవాడికి చిటికెన వేలు పెదవుల మధ్య అడ్డంగా పెట్టించి ‘సిం-హః’ అనిపించండి. వేలు ఉండగా పెదవులు కలవవు. ఙకారం పలికేవాడి సంగతి కొంచెం కష్టం, లోపల జరిగేది కంటికి కనబడదు. వాడిచేత ‘సి’ దగ్గర ఇకారం పట్టి ఉంచమని చెప్పండి. దవడ, నాలుక కదపకుండా అదే ఇకారాన్ని ముక్కులోకి పోనివ్వాలి, ఆ పైన ‘హ’. చల్లని స్టీలు గ్లాసు ముక్కు కింద పెడితే ఉత్త ‘సి’ అన్నప్పుడు ముక్కు ఆవిరి పడదు, ముక్కులోకి పోయినప్పుడు సన్నని మసక పడుతుంది. పిల్లలకు ఇది బాగా నచ్చుతుంది, తప్పు దిద్దుకోవడమూ వాళ్లకు వాళ్లే చేసుకుంటారు.

ఈ అభ్యాసంలో పుట్టే కొత్త తప్పు ఒకటుంది. సాగదీసి సాగదీసి ‘సీఁహః’ అయిపోతుంది, హ్రస్వం పోయి దీర్ఘం వస్తుంది. తొడ మీద ఒక దెబ్బ వేయించండి. దెబ్బతో పాటే ఇకారం ముగియాలి, ముక్కు మోత దెబ్బ తర్వాత రావాలి, వెంటనే హకారం.

పర్లాకిమిడి_శ్లోకబడి:

ముక్కు పరీక్ష నిన్న చేయించాను. ‘సిమ్‌హ’ అనేవాళ్లు తొందరగానే దిద్దుకున్నారు, ‘సింఘ’ దగ్గర ఇంకా పట్టు దొరకలేదు. ఇంకో సందేహం. మామూలుగా తెలుగు మాట్లాడేటప్పుడు ‘సింహం’, ‘సంవత్సరం’ మకారంలా పలికితే అది కూడా దిద్దాలా? ఒకమ్మాయి ఇంట్లో నాయనమ్మని దిద్దబోయిందట.

బరంపురం_కౌముది:

దిద్దకూడదమ్మా అని చెప్పండి. తెలుగులోకి వచ్చాక అది తెలుగు మాట, తెలుగు పలుకుబడే దానికి సరి. ఒడియాలో ‘సింఘ’ అనడమూ ఒడియాకి సరే. మనం మాట్లాడుకుంటున్నది సంస్కృత శ్లోకం చదివేటప్పటి సంగతి. బళ్లో ఒడియా పాఠం చదువుతూ ముక్కుతో ‘సిఁహ’ అంటే అక్కడ మాస్టారు దిద్దుతారు, అది కూడా న్యాయమే.

‘సింఘ’ అనేవాళ్లకి ముందు ‘హంస’ ఇచ్చి చూడండి. అకారం దగ్గర నాలుక కింద పడుకుని ఉంటుంది, వెనక లేవకుండా ఆపడం తేలిక. తర్వాత ‘యశాంసి’, ‘వంశః’, చివర్లో ‘సింహః’. ఇకారమూ, హకారమూ రెండూ పక్కన ఉన్న మాట అన్నిటికన్నా కష్టం, మొదటే దాన్ని పట్టుకోవద్దు.

గుణుపురం_స్వాధ్యాయి:

వేదపాఠం వినే పిల్లలుంటే ఒక జాగ్రత్త. కృష్ణయజుర్వేదపు తైత్తిరీయ శాఖలో ర, శ, ష, స, హ ల ముందు అనుస్వారాన్ని ‘గ్ం’ అని పలుకుతారు. పురుషసూక్తంలో ‘పురుష ఏవేదగ్ం సర్వమ్’, రుద్రంలో ‘మా హిగ్ంసీః’. ఋగ్వేదులు అదే పురుషసూక్తాన్ని గకారం లేకుండా ‘ఏవేదం సర్వమ్’ అనే చదువుతారు. ఆ గకారం శాఖ సంప్రదాయం. దాన్ని లౌకిక శ్లోకాల్లోకి తెచ్చి ‘సగ్ంస్కృతం’ అనిపించకండి. అలాగే ఈ ‘గ్ం’ విని, ఒడియావాళ్ల ‘సింఘ’ కూడా వేదపాఠం నుంచే వచ్చిందని కొందరు వాదిస్తుంటారు. రెండింటికీ ముడిపెట్టక్కర్లేదు. వేదంలో అది ఆ అయిదు అక్షరాల ముందే వస్తుంది, ఆ శాఖలోనే వస్తుంది.

ఉచ్చారణ నేర్పే పాణినీయశిక్షలో అనుస్వారానికి చెప్పిన పోలిక నాకు చాలా ఇష్టం: అలాబువీణానిర్ఘోషః. ఆనపబుర్ర కట్టిన వీణ మోత. తీగ మీటిన దెబ్బ అయిపోయాక బుర్రలో మిగిలే మోత ఉంటుంది చూడండి, అచ్చు పలికాక ముక్కులో మిగలాల్సింది అదీ. సిరోంచవారు చెప్పిన తొడమీది దెబ్బ దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆ శ్లోకం చివర ‘నిత్యం హ్రోః శషసేషు చ’ అంటుంది. హ, ర, శ, ష, స. సూత్రాల దారిన వెళ్లి బరంపురంవారు తేల్చిన అయిదు అక్షరాలూ ఇవే.

అనునాసికం వేరే సంగతి. ‘ముఖనాసికావచనోఽనునాసికః’ (1-1-8): నోరు, ముక్కు రెండూ కలిసి పలికేది. అనుస్వారం అచ్చు తర్వాత వచ్చే వేరే ధ్వని. అనునాసికమైన అచ్చులో అచ్చే ముక్కుతో కలిసి ఉంటుంది. వేదంలో దీన్ని రంగం అంటారు. సౌరాష్ట్ర స్త్రీ ‘తక్రాఁ’ అని మజ్జిగ మాట పలికినట్టు పలకమని అదే శిక్ష. పలికే వరస కూడా చెప్పింది: ముందు దీర్ఘం పలకాలి, ముక్కు తర్వాత కలపాలి, ముందున్న అక్షరాన్ని మింగెయ్యకూడదు. మొదటినుంచే ముక్కుతో పలికితే ‘జఘన్వాఁ’లో వకారం కూడా ముక్కులోకి పోయి మకారంలా వినబడుతుంది. మింగెయ్యడం అంటే అదే.

ఛందస్సు చెప్పేటప్పుడు ఈ తేడా బాగా పనికొస్తుంది. అనుస్వారం ఉన్న అక్షరం గురువు. హ్రస్వం అనునాసికమైనంత మాత్రాన గురువు కాదు. మన తెలుగు పద్యంలో నిండుసున్న ఉంటే గురువు, అరసున్న ఉంటే లఘువు లఘువుగానే ఉంటుంది కదా, అదే లెక్క.

‘యజ్ఞ’ సంగతి. తెలుగులో ‘యగ్న’, ఒడియాలో ‘గ్యఁ’, మరాఠీలో ‘ద్న్య’. మూడింట్లోనూ అసలు అక్షరాలు చెదిరిపోయాయి. యజ్ ధాతువు మీద నఙ్ ప్రత్యయం, ‘స్తోః శ్చునా శ్చుః’ (8-4-40) వల్ల నకారం ఞకారమైంది. జకారం, ఞకారం రెండూ తాలవ్యాలే, మధ్యలో గకారానికి చోటు లేదు. పలికించే పద్ధతి: ‘యజ్’ అని నాలుక అంగిలికి ఆనించి అక్కడే ఆపమనండి. నాలుక తియ్యకుండా గాలిని ముక్కులోంచి వదలాలి, అది ఞకారం. ఆ తర్వాతే నాలుక దిగి అకారం. నాలుక ముందే దిగితే ‘యజిన’ అవుతుంది, వెనక్కి జారితే ‘యగ్న’ అవుతుంది.

ఇలా వర్గంలోని మొదటి నాలుగింటి తర్వాత అయిదో అక్షరం వస్తే మధ్యలో ‘యమం’ అనే ధ్వని పుడుతుందని ప్రాతిశాఖ్యాలు (వేదశాఖల ఉచ్చారణ నియమాల గ్రంథాలు) చెప్తాయి. కౌముదిలో ‘అగ్గ్నిః’, ‘ఘ్ఘ్నన్తి’ అని చూపించారు. పిల్లలకి పేరు చెప్పక్కర్లేదు. నాలుక తియ్యకుండా ముక్కులోకి వదలడం అలవాటైతే అది తనే వస్తుంది.

‘బ్రహ్మ’ విషయంలో మాత్రం నేను పట్టుబట్టను. వేదపాఠంలోనూ ‘బ్రమ్హ’ అనే వినబడుతుంది చాలా చోట్ల.

బరంపురం_కౌముది:

ఈ ఒక్కదాంట్లో మీతో విభేదిస్తున్నాను. వినబడడం నిజమే, వర్ణక్రమం మాత్రం హకారం ముందు, మకారం తర్వాత. ‘హే మపరే వా’ (8-3-26) అని ప్రత్యేకంగా సూత్రమే ఉంది. హకారం తర్వాత మకారం ఉంటే ముందు పదంలోని మకారం వికల్పంగా నిలుస్తుంది: కిమ్ హ్మలయతి, కిం హ్మలయతి. ‘మ్హ’ అని పలికేదే సరైతే ‘మకారం పరమైన హకారం’ అన్న మాటకి అర్థమే ఉండదు. మీరు చెప్పిన పాణినీయశిక్షలోనే పంచమాక్షరాలతో కలిసిన హకారం ‘ఉరస్యం’, అంటే రొమ్ములోంచి వచ్చేది అని ఉంది. వేదం చెప్పుకునేవారు గురువు దగ్గర విన్నదాన్ని వదలనక్కర్లేదు. శ్లోకం కొత్తగా నేర్చుకునే పిల్లలకి మాత్రం రాసిన వరసే నేర్పుదాం.

‘బ్రహ్’ అని ఊపిరి వదిలించి, ఆ ఊపిరి పోతుండగానే పెదవులు మూయించండి. అద్దం మీద ఆవిరి పట్టించేటప్పుడు ‘హా’ అంటాం చూడండి, ఆ ఊపిరి. చిహ్నమ్, వహ్నిః, మధ్యాహ్నః ఇదే పద్ధతి. హకారం దగ్గర ఊపిరి చాలకపోతే ‘మధ్యాన్నం’ అయిపోతుంది.

గుణుపురం_స్వాధ్యాయి:

సూత్రం సంగతి ఒప్పుకుంటున్నానండీ. తైత్తిరీయ ప్రాతిశాఖ్యంలో కూడా హకారం తర్వాత న, ణ, మ లు వస్తే మధ్యలో ‘నాసిక్యం’ వస్తుందని ఉంది, అక్కడా హకారమే ముందు. లౌకికంలో మీరన్న వరసే నేర్పుదాం.

రాయగడ_అచ్చుపని:

పలుకు పాడవడానికి అచ్చు కూడా కారణం, అందుకని పిల్లలకిచ్చే కాగితాల గురించి నాలుగు మాటలు. శ్లోకాలు టైపు చేసేటప్పుడు అచ్చు ముందు సున్న పెట్టకండి. ‘అహం ఆత్మా’ అని విడగొట్టి ఇస్తే పిల్లలు సున్న దగ్గర ఆగుతారు, ‘హ’ గురువైపోతుంది. ‘అహమాత్మా’ అయితే లఘువు. ల అంటే లఘువు, గ అంటే గురువు అనుకుంటే మొదటిది లగగగ, రెండోది లలగగ. అనుష్టుప్పులో చెవికి పట్టకపోవచ్చు, అక్షరగణాలతో నడిచే వృత్తంలో గణమే మారిపోతుంది. పదవిభాగం చూపించాలంటే కింద వేరే వరసలో ఇవ్వండి.

‘వాఙ్మయం’ దగ్గర ఙకారాన్ని జకారమనుకుని ‘వాజ్మయం’ అని చదవడం పెద్దల్లోనూ ఉంది, అలా అచ్చయినవీ కనిపిస్తాయి. వాక్ మీద మయట్ ప్రత్యయం, కకారం తన వర్గంలోని అయిదో అక్షరమైంది. ‘యరోఽనునాసికేఽనునాసికో వా’ (8-4-45) వికల్పం చెప్పినా, ప్రత్యయం పరమైతే భాషలో నిత్యమని వార్తికం (సూత్రానికి చేర్చిన పూరణ). చిన్మయం, తన్మాత్రం దీని చుట్టాలే. కాగితం మీద ఙ, జ పక్కపక్కన పెద్దగా వేసి ఒకసారి చూపిస్తే చాలు.

సున్నలకి మూడు రంగుల సిరా వాడి చూడండి. వర్గాక్షరం ముందున్నది నల్లగానే ఉంచండి, అది నోటికి దానంతటదే వస్తుంది. ర, శ, ష, స, హ ల ముందున్నది ఎరుపు, అక్కడ నోరు ఎక్కడా తగలకూడదు. పాదం చివరిది నీలం, పెదవులు మూయాలి. య, వ, ల ముందున్నదాన్ని కూడా మొదట్లో ఎరుపులోనే కలిపెయ్యండి. శుద్ధానుస్వారం అక్కడ ఎలాగూ సమ్మతమే, ‘సఁయ్యన్తా’ రూపం తర్వాత నేర్పొచ్చు. పదం చివర ఉండి తర్వాత క నుంచి మ దాకా ఏదైనా వస్తే రెండు విధాలూ ఒప్పే, అది నల్లగా ఉన్నా ఫరవాలేదు. ఒక కాగితానికి ఎనిమిది శ్లోకాలు దాటించకండి, ఎరుపు మరీ ఎక్కువైతే కన్ను దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది.

పర్లాకిమిడి_శ్లోకబడి:

‘హంస’తో మొదలుపెడితే ముగ్గురిలో ఇద్దరికి నాలుక దిగిందండీ. మూడోవాడు ‘యశాంసి’ దాకా బాగానే వచ్చి ‘సింహః’ దగ్గర మళ్లీ ఘకారంలోకి పోతున్నాడు. రంగుల కాగితం ఈ వారం తయారుచేస్తాను.

సిరోంచ_ప్రాణహిత:

వాడికి ‘సింహః’ ఇంకొన్నాళ్లు ఇవ్వకండి. ‘అంహః’ ఇవ్వండి, అకారం పక్కన హకారం. అది కుదిరాక ‘బృంహతి’, ఆ పైన ‘సింహః’. ప్రతిసారీ ముక్కు పట్టుకునే చూసుకోమనండి, చప్పుడు ఆగకుండా సాగినప్పుడే తర్వాతి మాటకు పోవాలి.